పాదరక్ష, పాగా, కుర్చీ: కచేరీ మర్యాదల చరిత్ర

ఒక బల్ల, దాని వెనుక ఒక కుర్చీ, ఎదురుగా మరి రెండు కుర్చీలు. భారతదేశంలో ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా కనిపించే అమరిక ఇది. బల్ల వెనుక ఎవరు కూర్చోవాలో నియామక ఉత్తరువు నిర్ణయిస్తుంది. ఎదుటి కుర్చీలలో ఎవరు కూర్చోవచ్చు, ఎవరు నిలబడి మాట్లాడాలి అన్న విషయం సాధారణంగా ఏ ఉత్తరువులోనూ ఉండదు. అయినా అర్జీ చేతబట్టుకొని లోపలికి వచ్చే రైతుకు, దస్త్రం తెచ్చే గుమాస్తాకు, కబురు మోసుకొచ్చే బంట్రోతుకు ఆ సంగతి ముందే తెలిసి ఉంటుంది. ఎవరూ నేర్పకుండానే అలవడినట్లు కనిపించే ఈ మర్యాదకు నాలుగు శతాబ్దాల చరిత్ర ఉంది. అందులో కొంత దర్బారులది, కొంత కంపెనీ కచేరీలది, కొంత ఊరి రచ్చబండది.

పెద్దరికాన్ని గుర్తించని సమాజం ప్రపంచంలో ఎక్కడా లేదు. గుర్తించే తీరులోనే జాతికీ జాతికీ భేదం ఉంది. గౌరవసూచకంగా భారతీయుడు పాదరక్షలు విడిచి, తలపై పాగా ధరించి పెద్దల ఎదుటికి వెళ్లేవాడు. ఐరోపా వాసి అదే గౌరవాన్ని చూపడానికి తలపై టోపీ తీసి, కాళ్లకు బూట్లతోనే నిలిచేవాడు. ఒకరి మర్యాద మరొకరి కంటికి అమర్యాదగా తోచడం సహజమే. ఈ రెండు సంప్రదాయాలూ ఒకే కొలువులో ఎదురుపడినప్పుడు జరిగిన పరిణామాలు నేటి కార్యాలయ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఎంతగానో ఉపకరిస్తాయి.

దర్బారులో రాయబారి

ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ పంపగా 1615లో సూరత్ రేవులో దిగిన సర్ థామస్ రో, ఆ ఏడాది నవంబరులో బుర్హాన్‌పూర్ చేరి జహంగీర్ కుమారుడు పర్వేజ్‌ను సందర్శించాడు. శిరసు నేలకు తాకించి వందనం చేయాలని కొలువు అధికారి సూచించగా, అది సేవకులు పాటించవలసిన ఆచారమనీ, రాయబారికి వర్తించదనీ రో నిరాకరించాడు. పిమ్మట తనకొక కుర్చీ కావాలని కోరాడు. ఆ స్థలంలో ఎవరూ ఏనాడూ కూర్చోలేదని సమాధానం వచ్చింది. కావాలంటే పందిరిని మోస్తున్న వెండి తొడుగు స్తంభానికి ఆనుకొని నిలబడవచ్చునని అనుమతి మాత్రం లభించింది. ఆ పాటి ప్రత్యేకతకే రో సంతృప్తి చెందినట్లు అతని దినచర్య తెలుపుతుంది.

ఈ సంఘటనను ఆత్మగౌరవం గల ఆంగ్లేయునికీ, అణకువకు అలవాటుపడిన ప్రాచ్య దర్బారుకూ మధ్య జరిగిన ఘర్షణగా వర్ణించడం పరిపాటి. వాస్తవం అంత సరళమైనది కాదు. ఇంగ్లండు రాజు సముఖంలోనూ ప్రభువులు నిలబడేవారు, మోకరిల్లేవారు. మొగల్ దర్బారులో నిలబడడం అవమానం కాదు, అదొక స్థానం. అక్బర్ ఏర్పరచిన మన్సబ్ పద్ధతిలో 10 మొదలుకొని 5000 వరకు, ఆపైన కూడా అంకెలతో ప్రతి ఉద్యోగి అంతస్తు నిర్ణయమై ఉండేది. ఆ అంతస్తును బట్టి సింహాసనానికి ఎంత దూరంలో నిలబడాలో తేలేది. నిలబడినవాడు ఎవరి కంటె తక్కువ అన్నది ప్రశ్న కాదు, ఎవరి కంటె దగ్గర అన్నదే ప్రశ్న. రోకు దక్కిన స్తంభం ఆ లెక్కలో చిన్న విషయమేమీ కాదు.

దర్బారు మర్యాదలు మార్పులేనివి కూడా కావు. అక్బర్ కాలంలో పాదుషా ఎదుట చేసే సజ్దా, దేవునికి మాత్రమే చేయదగిన వందనమన్న అభ్యంతరం ఉండగా, షాజహాన్ తన పాలన తొలినాళ్లలోనే దానిని నిలిపివేశాడు. అధికారానికి అలంకారంగా వచ్చిన ఆచారం ఒక్క ఉత్తరువుతో తొలగిపోగలదని ఈ ఉదంతం సూచిస్తుంది.

కంపెనీ కొలువు

ఈస్టిండియా కంపెనీ తనదైన మరొక నిచ్చెనను వెంట తెచ్చుకుంది. రైటర్, ఫ్యాక్టర్, జూనియర్ మర్చంట్, సీనియర్ మర్చంట్ అనే మెట్లు వర్తకశాలలో పుట్టినవి. కొలువులో చేరిన తేదీయే పెద్దరికానికి ప్రమాణం. ఆ మెట్ల దిగువన దుబాసీలు, మున్షీలు, గుమాస్తాలు, సిరస్తాదారులు ఉండేవారు. భాష తెలిసినవారు, భూమి లెక్కలు తెలిసినవారు, ఏ ఊరి కరణం ఏ పద్దు ఎలా రాస్తాడో తెలిసినవారు వీరే. కార్న్‌వాలిస్ హయాంలో, 1790ల నాటికి, పైస్థాయి పదవులు ఐరోపా వారికే పరిమితమయ్యాయి. నిచ్చెన రెండుగా చీలింది. ఒకదాని చివరి మెట్టు ఎక్కినా రెండవదాని మొదటి మెట్టు అందని పరిస్థితి ఏర్పడింది.

దీనివల్ల కలిగే హానిని గుర్తించినవారు కంపెనీలోనే లేకపోలేదు. దత్తమండలాలలో 1800 నుంచి 1807 వరకు కలెక్టరుగా పనిచేసి, అనంతరం మద్రాసు గవర్నరైన థామస్ మన్రో, 1824 డిసెంబరు 31న రాసిన ప్రసిద్ధమైన మినిట్‌లో, బాధ్యత గల పదవులకు దేశీయులను దూరంగా ఉంచడం వారి శీలాన్నే కుంగదీస్తుందని వాదించాడు. నమ్మకం ఉంచని చోట నమ్మకస్తులు తయారుకారన్నది ఆ వాదన సారాంశం. 1827లో పత్తికొండలో కలరా సోకి మరణించిన మన్రోను రాయలసీమ ప్రజలు చిరకాలం స్మరించుకోవడం తెలిసినదే. అయితే అతని వాదన మాత్రం ఆచరణకు రావడానికి దశాబ్దాలు పట్టింది.

తెలుగువారికి సంబంధించిన ఒక ఉదాహరణ ఈ సందర్భంలో ప్రత్యేకంగా పేర్కొనదగినది. కర్నల్ కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతులు, శాసన ప్రతులు, తాళపత్రాలు దక్షిణ భారత చరిత్రకు ఆధారగ్రంథాలయం వంటివి. ఆ కార్యాలయాన్ని నడిపినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. పెద్దవాడైన బొర్రయ్య 1803లో పిన్న వయసులోనే మరణించగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యతను స్వీకరించాడు. భారతీయ విజ్ఞానంలోనికి తనకు తొలి ప్రవేశం కల్పించినవాడు బొర్రయ్యే అన్న సంగతిని మెకంజీ 1817 నాటి ఒక లేఖలో నిస్సంకోచంగా అంగీకరించాడు. థామస్ హికీ 1816లో గీసిన ప్రఖ్యాత చిత్రంలో మెకంజీతోపాటు అతని ముగ్గురు భారతీయ సహాయకులు కూడా కనిపిస్తారు. అందులో నలుగురూ నిలబడే ఉన్నారు.

1821లో మెకంజీ కన్నుమూశాడు. అసంపూర్తిగా మిగిలిన సేకరణను కొనసాగించే బాధ్యత తనకు అప్పగించాలని లక్ష్మయ్య 1830లలో విన్నవించుకున్నాడు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పక్షాన జేమ్స్ ప్రిన్సెప్ ఇచ్చిన అభిప్రాయం అతనికి ప్రతికూలమైంది. ప్రతులు సేకరించడంలో దేశీయుడు ఎంత సమర్థుడైనా, వాటిని పరిశీలించి విమర్శించే ప్రధాన స్థానానికి తగడన్నది దాని తాత్పర్యం. ఆ సేకరణను పరిశీలించే పని చివరకు విలియం టేలర్ అనే మతాచార్యునికి దక్కింది. మూడు దశాబ్దాల అనుభవం గల వ్యక్తికి నిరాకరించబడినది జీతం కాదు, స్థానం. మెకంజీ కార్యాలయంలో పాండిత్యానికి ఇచ్చిన విలువ, ఆ కార్యాలయపు గడప దాటగానే చెల్లకుండా పోయింది.

చెప్పుల వివాదం

హోదా పదవులలో, జీతాలలో మాత్రమే వ్యక్తమయ్యేది కాదు. గదిలోకి అడుగుపెట్టే తీరులోనే అది కనిపించేది. తివాచీ పరచిన సావడిలోకి వెళ్లేటప్పుడు పాదరక్షలు విడవడం భారతీయ గృహధర్మం. అతిథీ విడుస్తాడు, ఆతిథేయీ విడుస్తాడు. ఇద్దరూ ఒకే తివాచీపై కూర్చుంటారు. కంపెనీ కచేరీలో ఈ సమీకరణం మారింది. దొర బూట్లతో కుర్చీలో కూర్చుంటే, ఎదుట నిలిచిన దేశీయుడు మాత్రం చెప్పులు విడవాలి. ఆచారం పాతదే, కాని దాని అర్థం మారిపోయింది. ఇరువురూ పాటించినంతకాలం మర్యాదగా ఉన్నది, ఒక్కరే పాటించవలసి రావడంతో లొంగుబాటుగా పరిణమించింది.

1854లో డల్హౌసీ ప్రభుత్వం ఒక సడలింపు ప్రకటించింది. ఐరోపా తరహా బూట్లు ధరించే బెంగాల్ దేశీయ పెద్దమనుషులు అధికారిక సమావేశాలకు వాటితోనే రావచ్చునని దాని సారం. చూడడానికి ఉదారంగా ఉన్న ఈ నిర్ణయంలో ఒక మెలిక ఉంది. గౌరవం మనిషికి కాక తోలు కోతకు దక్కింది. ఆంగ్లేయ బూటు వేసుకున్న యువకుడు గడప దాటవచ్చు. దేశవాళీ చెప్పులు వేసుకున్న పండితుడు మాత్రం వాటిని బయట విడవాలి. 1862లో సూరత్‌లో మానక్‌జీ కావస్‌జీ ఎంటీ అనే పార్సీ పెద్దమనిషి న్యాయస్థానంలో పాదరక్షలు విడవడానికి నిరాకరించడంతో ఈ వివాదం పశ్చిమ తీరానికీ పాకి, పత్రికలలో పెద్ద చర్చకు దారితీసింది.

1874లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ భవనానికి వెళ్లిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కావలివాడు ద్వారం వద్దనే ఆపాడు. కారణం ఆయన కాళ్లకున్న దేశీయ చెప్పులు. ఆంగ్లేయ బూట్లు ధరించినవారికి అక్కడ ఆటంకం లేదు. విద్యాసాగరుడు లోపలికి వెళ్లకుండా తిరిగివచ్చి, నిర్వాహకులకు లిఖితపూర్వకంగా నిరసన తెలిపాడు. ఆయన గురించి బెంగాల్‌లో బహుళ ప్రచారంలో ఉన్న మరొక ఉదంతం ఉంది. హిందూ కళాశాల ప్రిన్సిపాల్ కెర్ దొర తనను చూడవచ్చిన విద్యాసాగరుని ఎదుట బూటుకాళ్లు బల్లపై చాచి మాట్లాడాడట. కొంతకాలానికి అదే దొర సంస్కృత కళాశాలకు వచ్చినప్పుడు విద్యాసాగరుడు చెప్పుల కాళ్లు బల్లపై పెట్టి స్వాగతం పలికాడట. సంజాయిషీ అడిగిన అధికారులకు, ఐరోపా వారి మర్యాద అదే కాబోలునని తాము భావించినట్లు ఆయన బదులిచ్చాడని చెబుతారు. ఈ కథలోని చమత్కారం మాట అటుంచితే, ఆయన కోరినది ఒక్కటే: మర్యాద ఏదైనా సరే, అది ఇరువైపులా సమానంగా వర్తించాలి.

హైదరాబాదు, 1869

ఇదే వివాదం హైదరాబాదులో మరొక రూపం ధరించింది. నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటు సైతం పాదరక్షలు విడిచి, అందరితోపాటు నేలపై పరచిన ఆస్తరణపై కూర్చోవడం చిరకాలపు ఆచారం. 1857 తిరుగుబాటును అణచి, దేశమంతటా తమ అధికారాన్ని స్థిరపరచుకున్న తరువాత కూడా ఆంగ్లేయులు ఇక్కడ ఆ పద్ధతినే కొనసాగించారు. 1869 ఫిబ్రవరిలో నిజాం అఫ్జలుద్దౌలా మరణించగా, మూడేళ్లయినా నిండని మహబూబ్ అలీఖాన్‌కు పట్టం కట్టవలసి వచ్చింది. రెసిడెంటు సాండర్స్ ఆ సందర్భాన్ని వినియోగించుకున్నాడు. తాను, తన అధికారులు బూట్లతోనే వస్తామనీ, తమకు కుర్చీలు వేయాలనీ పట్టుబట్టాడు. ప్రధాని సాలార్‌జంగ్‌కు అంగీకరించడం మినహా గత్యంతరం లేకపోయింది.

సూరత్, కలకత్తా, హైదరాబాదు ఉదంతాలను కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. దేశీయుడు తమ కచేరీలో చెప్పులు విడవాలని కోరినప్పుడు, అది మీ దేశాచారమే కదా అని ఆంగ్లేయ అధికారులు వాదించారు. దేశీయ ప్రభువు దర్బారులో తాము బూట్లు విడవవలసి వచ్చినప్పుడు, అది తమ దేశాచారం కాదని వాదించారు. ఆచారాన్ని గౌరవించాలన్న సూత్రం రెండు చోట్లా వినిపించినా, నిర్ణయించినది మాత్రం బలమే.

కుర్చీ ఒక బిరుదు

పంజాబులోనూ వాయవ్య సరిహద్దు ప్రాంతంలోనూ కుర్చీయే ఒక బిరుదుగా మారింది. జిల్లా అధికారి సమక్షంలో కుర్చీపై కూర్చునే అర్హత గలవారిని ‘కుర్సీ నషీన్’ అనేవారు. వారి పేర్ల జాబితాలు జిల్లా కార్యాలయాలలో ఉండేవి. అర్హత పత్రాలు కూడా జారీ అయ్యేవి. తమ తాత కుర్సీ నషీన్ అని మనుమలు గర్వంగా చెప్పుకునేవారు. రో దొర మొగల్ దర్బారులో కోరి పొందలేకపోయిన కుర్చీని, అతని వారసులు భారతీయులకు బహుమానంగా పంచడం చరిత్రలోని వింతలలో ఒకటి. కూర్చోవడం అనే సామాన్య క్రియ ప్రభుత్వానుగ్రహంగా మారిందంటే, నిలబడి ఉండడమే ప్రజల సహజస్థితి అని పాలకులు నిర్ణయించినట్లే.

పాదాల నుంచి ఈ వివాదం తలకు కూడా ఎగబాకింది. 1893 మే నెలలో దక్షిణాఫ్రికాలోని దర్బన్ న్యాయస్థానంలో మేజిస్ట్రేటు పాగా తీయమని ఆదేశించగా, మోహన్‌దాస్ గాంధీ నిరాకరించి బయటకు నడిచాడు. తల కప్పుకోవడమే గౌరవమన్న సంప్రదాయం నుంచి వచ్చిన యువకునికి, తల విప్పడమే గౌరవమన్న న్యాయస్థానం ఎదురైంది. మరుసటి ఏడాది నేటాల్ సుప్రీంకోర్టులో న్యాయవాదిగా నమోదైనప్పుడు ఆయనే ఆ కోర్టు నియమాన్ని మన్నించి పాగా తీశాడు. తన శక్తిని ఇంతకంటె పెద్ద పోరాటాలకు దాచుకోవాలని నిశ్చయించుకున్నట్లు ఆత్మకథలో వివరించాడు. ఏ ఆచారాన్ని ప్రతిఘటించాలి, దేనిని మన్నించాలి అన్న విచక్షణ ఆ రెండు సంఘటనల మధ్య రూపుదిద్దుకుంది.

కొలువులో కులం

అయితే అవమానాన్ని పరాయి పాలకులే ఈ దేశానికి తెచ్చారనడం సత్యదూరం. అనేక గ్రామాలలో అస్పృశ్యులుగా పరిగణించబడినవారు పెద్ద కులాల వీధులలో చెప్పులు చేతబట్టుకొని నడవవలసి వచ్చేది. రచ్చబండపై కూర్చునే అర్హత వారికి ఉండేది కాదు. విదేశీయుని కచేరీలో చెప్పులు విడవడం అవమానమని భావించిన పెద్దమనుషులలో పలువురు, తమ వాకిట మరొకరు చెప్పులు విడిచి దూరంగా నిలబడడం ధర్మమనే భావించారు.

ఈ వైరుధ్యం కార్యాలయంలోకీ ప్రవేశించింది. కొలంబియా విశ్వవిద్యాలయంలోనూ లండన్‌లోనూ ఉన్నత విద్యనభ్యసించిన భీమ్‌రావ్ అంబేడ్కర్ 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరాడు. హోదాలో తమకంటె ఎంతో పైవాడైన ఆయన బల్లపైకి జవానులు దస్త్రాలను దూరం నుంచే విసిరేవారని ఆయన జీవితచరిత్రకారులు నమోదు చేశారు. నగరంలో ఉండడానికి ఇల్లు సైతం దొరకక, కొద్దికాలానికే ఆయన బరోడా విడిచి వెళ్లాడు. ఉత్తరువు ఇచ్చిన కుర్చీని ఆచారం లాక్కున్న సందర్భమిది. పదవిని బట్టి వచ్చే పెద్దరికం, పుట్టుకను బట్టి వచ్చే పెద్దరికం ఒకే గదిలో ఢీకొన్నప్పుడు ఆనాటి సమాజం దేనిపక్షం వహించిందో దీనివల్ల తెలుస్తుంది.

రాజ్యాంగం తరువాత

బరోడాలో తలదాచుకోను ఇల్లు దొరకని వ్యక్తియే మూడు దశాబ్దాల అనంతరం రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం 16వ అధికరణంలో ప్రభుత్వోద్యోగాలలో సమానావకాశాన్ని, 17వ అధికరణంలో అస్పృశ్యతా నిర్మూలనను ప్రకటించింది. సైనిక, విద్యా సంబంధమైనవి మినహా బిరుదులను రాజ్యం ప్రదానం చేయరాదని 18వ అధికరణం నిర్దేశించింది. కుర్సీ నషీన్ జాబితాలకు ఇక తావులేదు.

కార్యాలయపు అంతర్నిర్మాణం మాత్రం నెమ్మదిగా మారింది. కేంద్ర ప్రభుత్వోద్యోగులను ఒకటవ తరగతి మొదలు నాలుగవ తరగతి వరకు విభజించే పాత పేర్లు 1970లలో ‘ఎ’ మొదలు ‘డి’ వరకు వర్గాలుగా మారాయి. ఆరవ వేతన సంఘం సిఫార్సుల మేరకు 2008 తరువాత ‘డి’ వర్గం ‘సి’లో విలీనమైంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం, దస్త్రంలో ఏముందో అడిగే అధికారాన్ని బల్లకు ఇవతల నిలబడిన పౌరునికి ఇచ్చింది. 2012లో రాష్ట్రపతి భవనమే చొరవ తీసుకొని, దేశీయ సందర్భాలలో రాష్ట్రపతికి వాడే వలస పాలన నాటి గౌరవ సంబోధనను విడిచిపెట్టింది. ఇవి చిన్న మార్పులుగా తోచవచ్చు. కాని చెప్పుల విషయమై వచ్చిన ఉత్తరువులు కూడా ఒకనాడు చిన్నవిగానే తోచాయి.

ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ విషయం శాస్త్రీయ పరిశోధనకు లక్ష్యమైంది. నెదర్లాండ్స్‌కు చెందిన గీర్ట్ హాఫ్‌స్టెడ్, ఐబీఎం సంస్థకు వివిధ దేశాలలో ఉన్న ఉద్యోగుల నుంచి 1967, 1973 మధ్య సేకరించిన సమాధానాలను విశ్లేషించి, అధికార దూరం అనే కొలమానాన్ని ప్రతిపాదించాడు. అధికారంలోని అసమానతను కింది ఉద్యోగులు ఎంతమేరకు సహజమని అంగీకరిస్తారో అది సూచిస్తుంది. ఆ పట్టికలో భారతదేశానికి 77, అమెరికాకు 40, డెన్మార్క్‌కు 18 అంకెలు లభించాయి. విదేశాలలో ఉద్యోగాలు చేసే తెలుగువారికి ఈ తేడా అనుభవపూర్వకంగా తెలిసినదే. పైఅధికారిని పేరుపెట్టి పిలవవలసి వచ్చినప్పుడు, ‘గారు’ చేర్చకుండా పెద్దల పేరు పలకని నాలుక మొదట తడబడుతుంది.

ఇటువంటి అంకెలు ఉపయోగకరమైనవే అయినా, అవి ఒక జాతి స్వభావాన్ని శాశ్వతంగా నిర్ణయించేవి కావు. 77 అన్న అంకెలో మొగల్ మన్సబ్ ఎంత, కంపెనీ నిచ్చెన ఎంత, గ్రామపు కులవ్యవస్థ ఎంత అన్నది ఆ పట్టిక చెప్పదు. వాటిలో చాలా భాగం ఉత్తరువులతో, బలప్రయోగంతో, అలవాటుతో నిర్మితమైనదని చరిత్ర చెబుతుంది. మనుషులు నిర్మించినదానిని మనుషులే సవరించుకున్నారని కూడా చెబుతుంది. ‘గారు’ అనే మాట అందుకొక మంచి నిదర్శనం. పెద్దవారిని గౌరవించడానికి ఏర్పడిన ఈ మాటను పైఅధికారి తన గుమాస్తా పేరు చివరా, బంట్రోతు పేరు చివరా చేర్చి పిలవవచ్చు. అలా పిలిచేవారు అనేకులున్నారు. దానివల్ల పదవుల క్రమం చెడిపోదు, దస్త్రాల నడక ఆగదు.

పెద్దరికం లేని కార్యాలయం ఎక్కడా లేదు. నిర్ణయం తీసుకునేవారు, అమలుపరచేవారు వేరువేరుగా ఉండక తప్పదు. నాలుగు శతాబ్దాల అనుభవం చాటేది ఇంతకంటె పరిమితమైన విషయం. రో దొర మొదలు విద్యాసాగరుని వరకు, దర్బన్ నుంచి బరోడా వరకు, మనుషులను గాయపరచినది కేవలం ఆచారభేదం కాదు. ఒకరి నుంచి మాత్రమే కోరిన మర్యాద వారిని గాయపరచింది. అర్జీదారు లోపలికి రాగానే అధికారి ఎదుటి కుర్చీ చూపి ‘కూర్చోండి’ అనడానికి ఏ ఉత్తరువూ అవసరం లేదు. ఆ మాట కోసం ఈ దేశంలో ఎందరో ఎంతకాలం నిలబడి ఉన్నారో తెలిసిన అధికారికి అది అప్రయత్నంగానే నోటికి వస్తుంది.